ఆ మొదటి ఎనిమిది బార్లు ఎవరివి?

హైదరాబాదు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం పదకొండు పేజీలుంది. తన పేరుగానీ బ్యాండు పేరుగానీ బయటపెట్టవద్దని కోరారు కనుక గుర్తుపట్టడానికి వీలైన వివరాలు తీసివేసి, విషయం చెడకుండా క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆయన వయసు 36. సొంతూరు గోదావరి ఒడ్డున ఒక పల్లె. తాతగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆ పెట్టె మీదే ఈయనకు వేళ్లు తిరిగాయి. ఇంజనీరింగు చదవడానికి హైదరాబాదు వచ్చి, 2011లో నలుగురు మిత్రులతో కలిసి రాక్ బ్యాండు మొదలుపెట్టారు. గాయకుడు, గిటారిస్టు, బేస్ గిటార్ అతను, డ్రమ్మర్, కీబోర్డు మీద ఈయన. కొన్నేళ్లకు గిటారిస్టు చెల్లెలినే పెళ్లి చేసుకున్నారు. అంటే గిటారిస్టు ఇప్పుడు ఈయనకు బావ. 2018లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, అప్పటి నుంచి సంగీతం మీదే బతుకుతున్నారు. ఐదేళ్ల పాప ఉంది.

బ్యాండుకు పేరు తెచ్చిన పాట ఒకటి ఉంది. పల్లవి, చరణాల బాణీ, వాటి కింద కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) బావ కట్టినవి. మాటలు గాయకుడు రాశాడు. సైనిక్‌పురిలో అద్దెకు తీసుకున్న గదిలో ప్రాక్టీసు చేస్తుండగా ఒకరోజు కరెంటు పోయింది. కరెంటు వచ్చేదాకా ఊరికే కూర్చోలేక ఈయన తాతగారి హార్మోనియం ముందుకు లాక్కుని, ఆ కార్డ్స్ మీదుగా మెట్లు దిగుతున్నట్టుగా ఒక స్వరవరుస వాయించారు. కరెంటు వచ్చాక దాన్నే కీబోర్డులో ఆర్గాన్ శబ్దం మీద ఎనిమిది బార్లుగా, అంటే ఎనిమిది తాళావర్తాలంత పొడవుగా, సాగదీశారు. పాట దానితోనే మొదలవుతుంది, రెండు చరణాల మధ్య మళ్లీ వస్తుంది. ఇప్పుడు ఏ కాలేజీలో షో పెట్టినా, గాయకుడు నోరు తెరవకముందే పిల్లలు ఆ ఎనిమిది బార్లూ ఈల వేస్తారట. పాట విడుదలైనప్పుడు మాత్రం సంగీతం కింద బావ పేరు, సాహిత్యం కింద గాయకుడి పేరు వేశారు. ఈయన అప్పుడు ఏమీ అనలేదు.

ఇటీవల రెండు సంగతులు ఒకేసారి వచ్చిపడ్డాయి. ఒక సినిమా సంస్థ ఆ పాటను వాడుకుంటామని ఆరు లక్షల ఏకమొత్తానికి ఒప్పందం పంపింది. అందులో ఇద్దరి పేర్లే ఉన్నాయి. ఆ వారంలోనే బావ ఈయనతో, ఇకమీదట షోలలో కీబోర్డు భాగాలు ల్యాప్‌టాప్ ట్రాకు నుంచి వేద్దామని, పెద్ద షోలకు మాత్రం ఈయనను పిలిచి షోకు ఏడు వేలు ఇద్దామని అందరం అనుకున్నాం అన్నాడు. ట్రాకులో ఉన్నది ఈయన వాయించిందే. వాటా సంగతి ఎత్తితే, “పాట కట్టింది నేను, నువ్వు దానికి నగ పెట్టావు, అంతే” అన్నాడట. ఇంకోవైపు, సినిమాలకు పనిచేసే ఒక సంగీత దర్శకుడి దగ్గర కీబోర్డు ప్రోగ్రామర్‌గా నెలజీతం మీద చేరే అవకాశం వచ్చింది. రెండు వారాల్లో చెప్పాలి. భార్య మాట్లాడటం లేదు, ఏడుస్తోంది. “నేను అడిగేది న్యాయమేనా, లేక తాళం వేసినవాడు కూడా పాటలో వాటా అడిగినట్టుంటుందా? బ్యాండు వదిలేయాలా, ఉండాలా?” అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగింది కోపం. నేనూ యువకుడిగా ఉన్నప్పుడు విజయవాడలో ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించినవాడినే కాబట్టి ఆ కోపం పక్కన పెట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ తరువాత చూస్తే, మీ బాధ ఒక్కటే అయినా మీ ప్రశ్నలు రెండని అర్థమైంది. ఎన్నడో పుట్టిన ఒక పాటలో మీ భాగం ఎంత అన్నది ఒకటి. రేపటి నుంచి ఆ బ్యాండులో మీ చోటు ఏమిటన్నది ఇంకొకటి. మీ బావ ఈ రెండింటినీ ఒకే వారంలో ముందుపెట్టడం వల్ల మీ మనసులోనూ అవి కలిసిపోయాయి. వాటా ఇవ్వకపోతే బ్యాండులో ఉండను అనో, బ్యాండులో ఉంచుకుంటే వాటా అడగను అనో మీరు అనేస్తారేమో అన్నదే నా భయం. ఈ రెండూ ఒకదానికొకటి మారకం వేసుకునే వస్తువులు కావు. విడదీసి చూద్దాం.

1967లో రెండు పాటలు వచ్చాయి. రెండూ ఆర్గాన్‌తోనే మొదలవుతాయి, రెండూ ఆ ఏడాదే పాటల జాబితాల్లో అగ్రస్థానానికి చేరాయి, ఆ మొదలును బట్టే రెండింటినీ ఇప్పటికీ జనం గుర్తుపడతారు. ఇంగ్లండులో ప్రోకల్ హారమ్ బ్యాండు చేసిన ‘ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్’ ఒకటి. అమెరికాలో డోర్స్ బ్యాండు చేసిన ‘లైట్ మై ఫైర్’ ఇంకొకటి.

మొదటిదానిలో మీ కథే ఉంది. కార్డ్స్ వరుస, పాడే బాణీ గాయకుడు గ్యారీ బ్రూకర్‌వి. మాటలు కీత్ రీడ్‌వి. బ్యాండులో కొత్తగా చేరిన మాథ్యూ ఫిషర్ అప్పటికే ఉన్న ఆ కార్డ్స్ మీద, పాతకాలపు జర్మన్ సంగీతకర్త బాఖ్ ధోరణిలో, హామండ్ ఆర్గాన్‌పై ఒక స్వరవరుస అల్లాడు. పాట దానితో మొదలై, చరణాల మధ్య దానితోనే ఊపిరి పీల్చుకుంటుంది. రికార్డు మీద మాత్రం బ్రూకర్, రీడ్‌ల పేర్లే వేశారు. ఫిషర్ 1969లో బ్యాండు వదిలాడు, తరువాత వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. చివరకు 2005లో కోర్టుకెక్కాడు. 2006 డిసెంబరులో లండన్ హైకోర్టు, ఆ ఆర్గాన్ భాగం పాటకు విశిష్టమైన చేర్పు అని తేల్చి, సంగీతంలో 40 శాతం అతనిదని తీర్పు ఇచ్చింది. 2008లో అప్పీలు కోర్టు అతను సహకర్త అన్న మాటను నిలబెట్టి, 38 ఏళ్లు ఊరుకున్నాడన్న కారణంతో డబ్బు మాత్రం లేదంది. 2009 జులైలో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఏకగ్రీవంగా ఫిషర్ పక్షానే నిలిచింది. అయినా అతనికి దక్కింది 2005లో దావా వేసినప్పటి నుంచి వచ్చే రాబడిలో వాటాయే. అంతకుముందు 38 ఏళ్లకు సంగీతకర్తగా రావలసిన వాటాలో ఒక్క పౌను కూడా రాలేదు.

కాబట్టి మీరు అడిగేది న్యాయమేనా అన్నదానికి నా జవాబు, న్యాయమే. అయితే ఎందుకు న్యాయమో మీకే స్పష్టంగా ఉండాలి. కీబోర్డు వాయించేవాడు పాటలో రెండు రకాల పనులు చేస్తాడు. గిటారు పట్టుకున్న కార్డునే వెనక నుంచి నిండుగా పట్టి ఉంచడం, పల్లవి ఎత్తుగడలో తీగలాంటి శబ్దం ఒకటి పరచడం, గాయకుడు ఊపిరి తీసుకునే చోట రెండు స్వరాలు వేయడం, ఇదంతా వాద్యం. ఎంత బాగా చేసినా దాన్ని రచన అనడం కష్టం. కార్డ్స్ మీద తనంత తానుగా నిలబడే ఒక బాణీ కట్టడం రెండో పని. ఆ తేడా తెలియాలంటే ఒక చిన్న పరీక్ష చాలు. రేపు మీ బదులు ఇంకొక కీబోర్డిస్టు వచ్చి తనకు తోచింది వాయిస్తే, పాట అదే పాటగా మిగులుతుందా? మిగతా పాటలన్నింటికీ బహుశా మిగులుతుంది. ఈ పాటకు మిగలదు. మిగలదని మీ బావకూ తెలుసు. తెలియకపోతే ల్యాప్‌టాప్‌లో వేరే ఎవరిచేతనైనా వాయించి పెట్టుకునేవాడు, మీరు వాయించిందే ఉంచేవాడు కాదు. కాలేజీ పిల్లలు ఈల వేసేది నగను చూసి కాదండీ.

అదే న్యాయాన్ని మిగతా పాటలకు కూడా లాగవద్దని మనవి. మీ ఉత్తరం ఎనిమిదో పేజీలో “మా పాటలన్నింటిలోనూ నా కష్టం ఉంది” అని రాశారు. కష్టం ఉంది, కాదనను. కానీ ఆ వాక్యంతో మాట మొదలుపెడితే మీకు గట్టిగా హక్కున్న ఒక్క పాట కూడా ఆ గుంపులో కలిసిపోతుంది.

ఇక్కడి చట్టం విషయానికొస్తే, ఇంగ్లండు తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు, కానీ మన 1957 కాపీరైటు చట్టంలోనూ ఉమ్మడి రచన అన్న భావన ఉంది. ఇద్దరు కలిసి చేసినదానిలో ఒకరి భాగాన్ని ఇంకొకరి భాగం నుంచి విడదీయలేనప్పుడు అది ఇద్దరిదీ. హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు, పాట పుట్టినప్పుడే హక్కూ పుడుతుంది. ఉమ్మడి రచన అయితే, కర్తల్లో చివరివారు కన్నుమూసిన తరువాత కూడా 60 ఏళ్లు అది నిలుస్తుంది. మీ పాప ముసలిదయ్యేదాకా అన్నమాట. 2012లో చట్టానికి చేసిన సవరణ వల్ల ఇంకొక రక్షణ ఏర్పడింది. సినిమాలో చేరిన పాటకు, సినిమాహాలులో ప్రదర్శన తప్ప మిగతా వాడకాలకు వచ్చే రాయల్టీలో సంగీతకర్తకు ఉన్న సమాన వాటా హక్కును, తన వారసులకో, రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైటు సొసైటీకో తప్ప, ఎవరు ఎంత ఏకమొత్తం ఇచ్చినా రాసిచ్చేయడానికి వీల్లేదు. అంటే ఆ ఆరు లక్షలతో కథ ముగియదు. రేడియోలో, టీవీలో, ఫోన్లలో ఆ పాట మోగినన్నాళ్లూ ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ లాంటి చోట ఎవరి పేరు సంగీతకర్తగా నమోదై ఉంటే వారికి వాటా వెళుతూ ఉంటుంది. మీ తగవు ఆరు లక్షలలో ఐదో వంతు కోసం అని మీ భార్యగానీ మీ అత్తగారుగానీ అనుకుంటూ ఉంటే, ఈ సంగతి వారికి చెప్పండి.

మీ ఉత్తరంలో నాకు ధైర్యం ఇచ్చిన వాక్యం, ఆ రోజు ప్రాక్టీసును డ్రమ్మర్ తన ఫోనులో రికార్డు చేశాడన్నది. కరెంటు లేని గదిలో హార్మోనియం వినిపించి, మధ్యలో మీ బావ గొంతు “మళ్లీ వాయించు, మళ్లీ వాయించు” అనడం అందులో ఉందని రాశారు. ఆ ఫైలు తేదీ చెడకుండా ఇంకొకచోట భద్రపరచండి. పాత ప్రాజెక్టు ఫైళ్లు, వాట్సాప్‌లో పంపుకున్న ఆడియోలు కూడా. కోర్టుకు వెళ్లమని కాదు. చేతిలో ఆధారం ఉన్న మనిషి గొంతు పెంచకుండా మాట్లాడగలడు.

ఇక ఆ మాట ఎలా ఎత్తాలన్నది. సినిమా సంస్థలు పంపే ఒప్పందాలలో మామూలుగా ఒక నిబంధన ఉంటుంది: ఈ పాటలో సంతకం చేసినవారికి తప్ప మరెవరికీ హక్కు లేదని, రేపు ఎవరైనా వస్తే ఆ నష్టం సంతకం చేసినవారే భరిస్తారని. మీ పాటకు వచ్చిన కాగితంలోనూ అది ఉందేమో చూడండి. ఉంటే, మీరు ఇప్పుడు నోరు విప్పడం ఆయనకు చేసే మేలే. ఆయన దగ్గరకు వెళ్లి, “బావా, ఇది నువ్వు సంతకం చేసి చిక్కులో పడతావు, ఈ పాట ఒక్కదానికి నా పేరు కూడా చేర్చి పంపిద్దాం, నా వాటా ఎంతో కూర్చుని తేల్చుకుందాం” అని అనవచ్చు. బేస్ అతన్ని, డ్రమ్మర్‌ను కూడగట్టుకుని వెళ్లవద్దు. అది పంచాయితీ అవుతుంది. మాట్లాడి వచ్చిన రాత్రే, మాట్లాడుకున్నది నాలుగు వాక్యాలలో మర్యాదగా రాసి ఆయనకు పంపండి. ఆ నాలుగు వాక్యాలు 38 ఏళ్ల మౌనం నుంచి మిమ్మల్ని కాపాడతాయి.

ఒప్పుకుంటే శాతం ఎంత అన్న మాట వస్తుంది. ఫిషర్‌కు 40 వచ్చింది కదా అని మీరు అక్కడ పట్టుబట్టనక్కరలేదు. సంగీతం వాటాలో నాలుగో వంతు వచ్చి, పేరు పక్కన పేరు పడితే అది మంచి ఒప్పందమే అంటాను. పేరు లేకుండా ఇప్పుడే కొంత మొత్తం చేతిలో పెడతామంటే కూడా ఆలోచించవచ్చు, పాప బడి ఫీజులు ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు. కానీ అలా తీసుకుంటే ఆ పాట ఎక్కడ మోగినా ఆగి వినగలిగే మనసు మీకు ఉండాలి. ఒప్పుకోకపోతే లాయరు ద్వారా నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు అందిన సినిమా సంస్థ చాలావరకు తలనొప్పి ఎందుకని ఇంకొక పాట వెతుక్కుంటుంది. మీకు న్యాయం మిగులుతుంది, ఐదుగురికీ డబ్బు పోతుంది, అత్తవారింటి గడప బరువెక్కుతుంది. అయినా కొందరికి అదే సరైన దారి. మీకు ఏది ఎక్కువ భారమో మీకే తెలియాలి. దావాలకు కాలపరిమితి ఉంటుంది కాబట్టి నోటీసు ఇచ్చినా ఇవ్వకపోయినా, కాపీరైటు కేసులు చూసే ఒక లాయరుతో ఒక్క గంట మాట్లాడండి.

అప్పుడే ఎందుకు అడగలేదని మిమ్మల్ని మీరు తిట్టుకున్నారు. ఆ తిట్లు ఆపండి. ఇరవై మూడేళ్లప్పుడు నేను ఒక భక్తి క్యాసెట్‌కు ప్రిల్యూడ్, అంటే పాటకు ముందు వచ్చే వాద్యం, కట్టాను. నాకిచ్చింది రెండు వందల యాభై రూపాయలు, అట్టమీద పేరు లేదు. అడగాలని కూడా తోచలేదు, వాయించనిచ్చారు, అదే పదివేలనుకున్నాను. ఇప్పటికీ ధనుర్మాసంలో మా వీధి చివర గుడి మైకులో తెల్లవారుజామున అది వినిపిస్తుంది. పద్నాలుగు సెకన్లు. నా మనవరాలికి “ఇది తాతయ్యదే” అని చెప్పాను, అది నమ్మలేదు. క్యాసెట్ అట్ట చూపించమంది.

డోర్స్ సంగతి చెప్పలేదు కదూ. ‘లైట్ మై ఫైర్’ చాలావరకు గిటారిస్టు రాబీ క్రీగర్ రాసిన పాట. దాని ముఖద్వారం లాంటి ఆర్గాన్ ఎత్తుగడ రే మాంజరెక్‌ది. ఆ బ్యాండులో బేస్ గిటారు వాయించేవాడు లేడు. వేదిక మీద మాంజరెక్ ఎడమచేత్తో చిన్న పియానో బేస్ మీద ఆ పని చేస్తూ, కుడిచేత్తో ఆర్గాన్ వాయించేవాడు. తొలి ఆల్బమ్‌లో తమ సొంత పాటలన్నింటికీ నలుగురూ కలిపి బ్యాండు పేరే వేసుకున్నారు. కాబట్టి ఆ ఎత్తుగడ ఎవరిదన్న తగవే పుట్టలేదు. అలాంటి ఏర్పాటు కూడా శాశ్వతం కాదు. 1969లో నాలుగో ఆల్బమ్ నాటికి ఎవరి పాటకు వారి పేరు వేసుకోవడం మొదలైంది. మీరు బ్యాండులో కొనసాగాలనుకుంటే, ఇకమీదట పుట్టే పాటలకు ఈ రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి కాగితం మీద పెట్టుకోండి. ఐదుగురికీ సమానమా, లేక పాటను బట్టా? ఏది ఎంచుకున్నా పాట విడుదలకు ముందే రాసుకోవాలి.

ఇప్పుడు రెండో ప్రశ్న, బ్యాండులో మీ చోటు. షోకు ఏడు వేలు అన్న మాట మిమ్మల్ని ఎంతగా నొప్పించిందో మీ అక్షరాలలోనే తెలుస్తోంది, ఆ పేజీలో కలం కాగితాన్ని చీల్చింది. ఇక్కడ పింక్ ఫ్లాయిడ్ కీబోర్డిస్టు రిచర్డ్ రైట్ జీవితం మీకు చెప్పాలి. స్థాపక సభ్యులలో ఒకడు. 1970లో విడుదలైన ఒక సినిమా కోసం పియానో మీద కట్టి, దర్శకుడు వద్దన్న బాణీయే 1973లో ‘అస్ అండ్ దెమ్’ అయింది. అదే 1973 ఆల్బమ్‌లోని ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ సంగీతం కూడా అతనిదే. 1979లో ‘ద వాల్’ రికార్డింగు సాగుతుండగా బ్యాండులోని బేస్ గిటారిస్టు రోజర్ వాటర్స్‌తో పొత్తు కుదరక బ్యాండు నుంచి బయటకు పంపేశారు. అయినా 1980, 81లలో ఆ ఆల్బమ్ ప్రదర్శనలకు జీతం మీద వచ్చి వాయించాడు. ఆ ప్రదర్శనలు ఎంత ఖరీదైనవంటే మిగిలిన ముగ్గురూ నష్టాన్ని పంచుకోవలసి వచ్చింది, డబ్బు మిగిలింది జీతం తీసుకున్న రైట్‌కే. 1983 ఆల్బమ్‌లో అతను లేనే లేడు. వాటర్స్ వెళ్లిపోయాక 1987లో మళ్లీ జీతం మీదే తిరిగి వచ్చి, 1994 ఆల్బమ్ నాటికి పాటలు కట్టడంలో భాగస్వామి అయ్యాడు. 2005లో లండన్‌లో నలుగురూ చివరిసారి ఒకే వేదిక ఎక్కినప్పుడు తన చోట తాను ఉన్నాడు. 2008లో కన్నుమూశాడు.

అన్ని ఏళ్లలో, బ్యాండులో చోటు ఉన్నప్పుడూ లేనప్పుడూ, 1973 నాటి ఆ రెండు పాటల సంగీతం కింద అతని పేరు కదలలేదు. ఫిషర్ చేతిలో బాణీ ఉంది, పేరు లేదు. రైట్‌కు చోటు పోయింది, పేరు ఉంది. అందుకే నేను మిమ్మల్ని మొదటి ప్రశ్న ముందు తేల్చుకోమంటున్నాను. పాటలో మీ పేరు పడితే, షోకు ఇంత అని తీసుకోవడం మీకు ఇంత అవమానంగా తోచకపోవచ్చు. పడకపోతే, సమాన వాటాతో కొనసాగించినా లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంటుంది.

అదే ‘గ్రేట్ గిగ్’లో మాటలు లేకుండా గొంతెత్తి పాడిన క్లేర్ టోరీకి ఆ రోజు ముట్టింది 30 పౌన్లు. ఆమె కూడా తన గానం రచనలో భాగమేనని 2004లో కోర్టుకు వెళ్లింది, మరుసటి ఏడాది రాజీ కుదిరి రైట్ పేరు పక్కన ఆమె పేరు చేరింది. రోజుకూలి తీసుకున్నంత మాత్రాన కట్టిన బాణీ మీద హక్కు వదులుకున్నట్టు కాదు. షోకు ఏడు వేలు ఒప్పుకున్నా ఈ సంగతి మీ మనసులో ఉండాలి.

షో లెక్కన ఉండటానికి మీరు సిద్ధపడితే ఏమవుతుందో చెబుతాను. నష్టం ఎవరికి వచ్చినా మీ ఏడు వేలు మీకు వస్తాయి, మిగతా రోజులు మీవి, బావతో మాట నిలుస్తుంది. కానీ పెద్ద షోలు ఏడాదికి ఎన్ని? మీరు రాసిన లెక్క ప్రకారం పది, పన్నెండు. అది బతుకుదెరువు కాదు. అలా ఉండేవాడికి బ్యాండు నిర్ణయాలలో నోరు ఉండదు. రోలింగ్ స్టోన్స్ మొదలుపెట్టినవారిలో ఒకడైన పియానో వాద్యకారుడు ఇయన్ స్టూవర్ట్‌ను 1963లో మేనేజరు వేదిక మీద నుంచి తప్పిస్తే, అతను సామాను వ్యానుతో పాటు తిరుగుతూ, అవసరమైనప్పుడు పియానో వాయిస్తూ 1985లో చనిపోయేదాకా వారితోనే ఉన్నాడు. అతనికి అది చాలింది. మీ ఉత్తరం చదివితే మీకు చాలుతుందని నాకనిపించలేదు.

ట్రాకు సంగతి మాత్రం వేరుగా మాట్లాడండి. మీరు లేని షోలలో మీరు వాయించినది మోగుతుంది. రికార్డు చేసిన వాద్యం మీద వాద్యకారుడికి కూడా చట్టంలో కొన్ని హక్కులున్నాయి, లాయరును కలిసినప్పుడు ఇది కూడా అడగండి. షోకు వెయ్యో, పదిహేను వందలో అని తేల్చుకుంటే వారికీ భారం కాదు. ఇంకొక మాట మీ బావకు మీరే చెప్పగలరు. ట్రాకు మొదలయ్యాక డ్రమ్మర్ చెవిలో తాళం చెప్పే క్లిక్కు మోగుతూ ఉంటుంది, ఎవరూ ఆగడానికి ఉండదు. మీ గాయకుడు ఆ పాట రెండో చరణం ముందు జనంతో పాడిస్తాడని, ఒక్కో ఊళ్లో ఒక్కోలా సాగదీస్తాడని, మీరు ఎడమచేత్తో ఒక కార్డు పట్టి అతని మొహం వంక చూస్తూ నిలబడతారని రాశారు. ల్యాప్‌టాప్ మొహం వంక చూడదు. నాలుగు షోలు అయ్యాక ఆ సంగతి వారికే తెలిసివస్తుంది, అప్పుడు పిలుపు వస్తే వెళ్లడానికి వీలుగా తలుపు తెరిచి ఉంచుకోండి.

స్టూడియో ఉద్యోగం గురించి మీరు సగం పేజీయే రాశారు, అదీ సిగ్గుపడుతున్నట్టు. ఎందుకండీ సిగ్గు? ఏ.ఆర్. రెహమాన్ 1992లో సంగీత దర్శకుడు కాకముందు మద్రాసులో రాక్ బ్యాండులలో కీబోర్డు వాయించాడు, మన రాజ్-కోటి దగ్గరా కీబోర్డు వాయించాడు. చేరినవారంతా రెహమాన్‌లు కారు, ఆ ఆశతో చేరవద్దు కూడా. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, పాప ఫీజు కట్టగలరు, మంచి పరికరాల మధ్య పని నేర్చుకుంటారు. బదులుగా రాత్రిళ్లు పోతాయి, బ్యాండు షోలకు సెలవు దొరకదు, మీరు కట్టిన బాణీ ఇంకొకరి పేరు మీద వెళ్లే ప్రమాదం అక్కడ ఇంకా ఎక్కువ. చేరేముందే ఒక్కటి అడగండి: ప్రోగ్రామింగు కింద నా పేరు వేస్తారా, నేను కట్టిన బిట్ వాడుకుంటే దానికి పద్ధతి ఏమిటి? ఈ ప్రశ్నకు ఆయన చిరాకుపడితే ఆ చిరాకే మీకు జవాబు. చేరినా నెలకు రెండు షోలకు వెళ్లే వెసులుబాటు అడిగి చూడండి. రెండూ కలిసి నడిచే అవకాశం ఉంటే నాకు అన్నింటికన్నా అదే మేలనిపిస్తోంది, కానీ మీ ఒంటి ఓపిక నాకు తెలియదు.

మీ భార్య గురించి. ఆమె మాట్లాడకపోవడం అన్నవైపు ఉండటం వల్ల అని మీరు రాశారు. నాకు అలా తోచలేదు. ఇద్దరు ఆప్తులు ఆమెను మధ్యలో నిలబెట్టి, ఆమె ద్వారానే ఒకరి మాట ఒకరికి చేరవేస్తుంటే ఏ మనిషి అయినా మౌనమైపోతుంది. “మీ అన్న ఏమన్నాడు” అని ఆమెను అడగడం ఈరోజుతో మానేయండి. బావతో మాట్లాడే రోజు ఆమెకు ముందే చెప్పండి, ఏం అడగబోతున్నారో చెప్పండి, ఆమెను రమ్మనవద్దు. ఆ హార్మోనియం రికార్డింగును ఒకసారి ఆమెతో కలిసి వినండి. ఆమె పెళ్లికి ఒప్పుకున్నది ఆ గదిలో కీబోర్డు వెనక కూర్చున్న మనిషినే కదా.

ఒప్పందం మీద సంతకాలు ఎప్పుడన్నది మాత్రం పదకొండు పేజీలలో ఎక్కడా రాయలేదు. స్టూడియోకు జవాబు చెప్పడానికి మీకు రెండు వారాలున్నాయి, సంతకానికి అంత గడువు ఉందో లేదో. ఈ పత్రిక మీ చేతికి అందిన రోజే ఆ తేదీ కనుక్కోండి, మిగతావన్నీ దాని తరువాతే.